ఇద్దరం ఒకే వంట తింటాం, కొవ్వు మాత్రం నా పొట్టలోనే ఎందుకు?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. కావలిలో ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ చేస్తాను. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 64 కిలోలు. మూడేళ్ల కిందట మిషనుకు మోటారు పెట్టించాను. పొద్దుట్నుంచి రాత్రి దాకా కూర్చునే పని, టీలు రోజుకు ఐదు అవుతాయి. నా టేపుతోనే కొలుచుకుంటే నడుము 36 అంగుళాలు ఉంది. మా అక్క పక్క వాటాలోనే ఉంటుంది, మా రెండిళ్లకూ వంట ఒకటే. ఆమె నాకంటే ఆరు కిలోలు బరువెక్కువ, తుంట్లు, తొడలు లావు. అయినా ఆమెకు షుగర్ లేదు. నాకేమో మూడు నెలల షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 6.1, రక్తంలో కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు 210 వచ్చాయి, స్కానింగ్‌లో లివర్‌కు కొవ్వు పట్టిందన్నారు. ఏడాదిగా నెలసరి కూడా సరిగా రావడం లేదు. పక్కింటి వదిన ఒక పొడి డబ్బా తెచ్చిచ్చింది. కొవ్వు కణాల మీద రిసెప్టర్లు నిద్రపోతున్నాయట, ఈ పొడి వాటిని లేపితే కొవ్వంతా చెమటలో కరిగిపోతుందట. నెలకు 3,800 రూపాయలు. డబ్బులు ఇంకా ఇవ్వలేదు, డబ్బా తెరవలేదు. మా అమ్మాయి ఏవో ఇంజెక్షన్లు వచ్చాయంటోంది. అసలు ఈ రిసెప్టర్లేంటి? నేను దొంగచాటుగా తింటున్నానని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. అది నిజం కాదు.

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది చివరి రెండు వాక్యాలు. అందుకే ముందు వాటికే జవాబు చెప్తాను. మీరూ మీ అక్కా ఒకే గిన్నెలోది తిన్నా, ఆ కొవ్వు ఇద్దరి ఒంట్లో ఒకే చోట చేరాలని లేదు. ఎంత కొవ్వు చేరుతుందనేది తిండిని, పనిని బట్టి ఉంటుంది. ఎక్కడ చేరుతుంది, ఎంత తేలిగ్గా బయటికొస్తుంది, వచ్చాక ఎక్కడికి పోతుంది అనేది చాలావరకు కణాల మీద ఉండే రిసెప్టర్లు తేలుస్తాయి. మీ పొట్టను చూసి మీ తిండి లెక్క చెప్పడం ఎవరివల్లా కాదు. ఈ పేరాను మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.

మన నెల్లూరు జిల్లావాళ్లకు చెరువు లెక్క చెప్తే సులువుగా తెలుస్తుంది కాబట్టి అలాగే చెప్తాను. కొవ్వు కణాన్ని ఒక చెరువు అనుకోండి. కాలువ నుంచి నీళ్లు ఎప్పుడు మళ్లించాలి, తూము ఎప్పుడు ఎత్తాలి అనేది చెరువు చేతిలో ఉండదు. పైనుంచి కబురు వస్తే తూము దగ్గరున్న లస్కరు విని పని చేస్తాడు. మన రక్తంలో తిరిగే హార్మోన్లు ఆ కబుర్లు. కణం గోడ మీదో, కొన్నిసార్లు కణం లోపలో ఉండి ఆ కబురు అందుకునే ప్రొటీన్లే రిసెప్టర్లు. పాఠ్యపుస్తకాల్లో గ్రాహకాలని రాస్తారు. ఒక్కో రకం రిసెప్టర్ తనకు సంబంధించిన కబురునే వింటుంది, మిగతావి ఎన్ని వచ్చినా పట్టించుకోదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఒకే కబురును రెండు రకాల రిసెప్టర్లు విని, ఒకటి తూము ఎత్తొచ్చు, ఇంకొకటి దించొచ్చు. మీ అక్క సంగతి అర్థం కావాలంటే ఇది గుర్తుండాలి.

ముందు ఇన్సులిన్ గురించి. అన్నం తిన్నాక రక్తంలో చక్కెర పెరుగుతుంది, క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. 'తిండి వచ్చింది, దాచుకోండి' అన్నది ఆ కబురు. కొవ్వు కణం మీదున్న ఇన్సులిన్ రిసెప్టర్ అది వినగానే రెండు పనులు మొదలవుతాయి. పక్కనున్న సన్నటి రక్తనాళాల గోడ మీద లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది చురుకై, రక్తంలో పోతున్న ట్రైగ్లిజరైడ్లను విడగొట్టి కణంలోకి పంపిస్తుంది. అదే సమయంలో, లోపల ఇప్పటికే దాచి ఉన్న కొవ్వును కోసే ఎంజైమ్‌లకు బ్రేకు పడుతుంది. అంటే చెరువులోకి నీళ్లు వస్తుంటాయి, తూము మూసి ఉంటుంది. ఈ బ్రేకు పడడానికి చాలా కొద్దిపాటి ఇన్సులిన్ చాలు. కండరాల్లోకి చక్కెరను పంపడానికి కావలసినంత కూడా అక్కర్లేదు. మీరు రాసిన ఐదు టీలను ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. టీకి రెండు చెంచాల పంచదార వేసుకున్నా రోజుకు పది చెంచాలు, అంటే దాదాపు 40 గ్రాములు. పంచదారతో వచ్చే 160 కేలరీలు ఒక సంగతి. మధ్యాహ్నం భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య తూము ఎత్తాల్సిన గంటల్లో మళ్లీ మళ్లీ 'దాచుకోండి' అన్న కబురు వెళ్లడం ఇంకో సంగతి.

ఇక తూము ఎత్తే కబురు. మనం వేగంగా నడిచినా, కష్టపడి పనిచేసినా, టెన్షన్ పడినా అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ విడుదలవుతాయి. 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఈ కబురును రెండు రకాల రిసెప్టర్లు వింటున్నాయని చెప్పి వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. ఆ మాటను చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అదే దారిలో బీపీ మందులు, ఆస్తమా మందులు వచ్చాయి. ఈ రిసెప్టర్ల కుటుంబం ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పినందుకు 2012లో రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కాలకు నోబెల్ బహుమతి ఇచ్చారు. కొవ్వు కణం మీద బీటా రిసెప్టర్ అడ్రినలిన్‌ను వింటే, దాచిన ట్రైగ్లిజరైడ్ ఒక గ్లిజరాల్, మూడు ఫ్యాటీ ఆమ్లాలుగా విడిపోయి రక్తంలోకి వెళ్తుంది. ఆల్ఫాలో ఒక రకమైన ఆల్ఫా-2 రిసెప్టర్ అదే అడ్రినలిన్‌ను వింటే తూము దించేస్తుంది. కబురు ఒకటే అయినా విన్నవాడిని బట్టి పని మారింది.

ఆడవాళ్ల తుంట్లు, తొడల మీది కొవ్వు కణాల్లో ఈ ఆల్ఫా-2 రిసెప్టర్ల బలం ఎక్కువ. అందుకే అక్కడ చేరిన కొవ్వు ఎంత నడిచినా మొండిగా నిలబడుతుంది. బిడ్డను మోసి పాలిచ్చే రోజుల కోసం ప్రకృతి పెట్టిన నిల్వ అది అని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉందని మీ అక్క బాధపడుతూ ఉండొచ్చు. కానీ ఆ కొవ్వు కదలకుండా ఒకచోట ఉంటుంది కాబట్టి లివర్ జోలికి పెద్దగా రాదు. తొడల్లో కొవ్వు ఉన్నవాళ్లకు షుగర్, గుండె జబ్బుల ముప్పు పొట్టలో ఉన్నవాళ్లకంటే తక్కువని ఎన్నో దేశాల్లో కనిపించింది.

మీ పొట్టలో ఉన్నది రెండు రకాలు. చర్మం కింద చేత్తో పట్టుకుంటే దొరికేది ఒకటి. లోపల పేగుల చుట్టూ చేరేది ఇంకొకటి. ఈ లోపలి కొవ్వు కణాలు బీటా రిసెప్టర్లతో అడ్రినలిన్ కబురును గట్టిగా వింటాయి, ఇన్సులిన్ వేసే బ్రేకును సరిగా వినవు. అందుకని అక్కడ తూము ఎప్పుడూ కొంత తెరుచుకునే ఉంటుంది. ఆ ఫ్యాటీ ఆమ్లాలు పేగుల నుంచి లివర్‌కు వెళ్లే పోర్టల్ సిర గుండా నేరుగా లివర్‌లోకి వెళ్తాయి. తొడల్లో నుంచి వచ్చేది ముందు ఒళ్లంతా తిరుగుతుంది, కండరాలు కొంత వాడుకుంటాయి, మిగిలింది లివర్‌కు చేరుతుంది. పొట్టలోదానికి ఆ అవకాశం లేదు.

ఏడాదిగా నెలసరి సరిగా లేదన్నారు కదా, దానికీ దీనికీ సంబంధం ఉంది. కొవ్వు కణాల మీద ఈస్ట్రోజన్ రిసెప్టర్లు కూడా ఉంటాయి. ఆడవాళ్లలో కొవ్వును తుంట్ల వైపు పంపడంలో, అక్కడి ఆల్ఫా-2 రిసెప్టర్లను నిలబెట్టడంలో ఈస్ట్రోజన్ పాత్ర ఉంది. నెలసరి ఆగే వయసులో ఆ కబురు తగ్గిపోతుంది. తిండి పెంచకపోయినా కొవ్వు పొట్ట వైపు మళ్లుతుంది. ఈ వయసులో జాకెట్టు భుజాలు సరిపోయి నడుము దగ్గర బిగుసుకుపోయే ఆడవాళ్లు మీ దగ్గరికి రోజూ వస్తూనే ఉంటారు. ఆ కొలతల మార్పు నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక్కడే ఇంకో ప్రశ్న అడగాలి. కూర్చునే పని కాబట్టి నడుం నొప్పికో కీళ్ల నొప్పులకో ఎప్పుడైనా పొట్లాల మందు వాడారా? వేసుకున్న గంటల్లో నొప్పి తీసేసి, ఆకలి బాగా పెంచే పొట్లాల్లో స్టీరాయిడ్ కలిసి ఉండొచ్చు. స్టీరాయిడ్ మన ఒంట్లోని కార్టిసాల్ కబురునే ఎన్నో రెట్లు గట్టిగా వినిపిస్తుంది. కార్టిసాల్‌ను వినే రిసెప్టర్లు లోపలి పొట్ట కొవ్వులో ఎక్కువ. నెలల తరబడి వాడినవాళ్లకు కాళ్లూ చేతులూ సన్నబడి పొట్ట, ముఖం ఉబ్బుతాయి, షుగర్ వస్తుంది. వాడుతూ ఉంటే ఉన్నట్టుండి ఆపొద్దు, అది ఇంకా ప్రమాదం. ఆ పొట్లం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బీపీకో, తలనొప్పికో వాడే కొన్ని బీటా బ్లాకర్ మాత్రలు కూడా బరువును ఒకటి రెండు కిలోలు పెంచగలవు. వాటినీ సొంతంగా ఆపకూడదు, డాక్టర్‌ను అడిగితే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కొవ్వు కణం మనకు శత్రువు కాదు. నవంబరు వానలకు పెన్నకు, వాగులకు నీళ్లొస్తే ఊరిని కాపాడేది చెరువే కదా. చెరువు నిండిపోతే కలుజు పారుతుంది. ఆ నీళ్లు చేలమీదా ఇళ్లమీదా పడతాయి. చర్మం కింది కొవ్వు కణాలు ఇక పట్టలేమన్నప్పుడు, మిగిలిన కొవ్వు లివర్‌లో, కండరాల్లో, క్లోమంలో చేరుతుంది. మీ లివర్‌లో స్కానింగ్ చూపించింది ఈ కలుజు నీళ్లనే. ఇది ఊహ కాదని చెప్పే ఒక అరుదైన జబ్బు ఉంది. లైపోడిస్ట్రఫీ అంటారు. ఆ మనుషులకు చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు, చూడ్డానికి కండలు తిరిగినట్టు కనిపిస్తారు. కానీ చిన్న వయసులోనే తీవ్రమైన షుగర్, లివర్ నిండా కొవ్వు, రక్తంలో విపరీతమైన ట్రైగ్లిజరైడ్లు ఉంటాయి. చెరువే లేని ఊరికి వరద వస్తే ఎలా ఉంటుందో అలా.

మన దేశంలో చాలామందికి చెరువు ఉంటుంది గానీ చిన్నది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పూణే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఎత్తును బట్టి బరువు ఎంతుందో చూపే లెక్క, బీఎంఐ, ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బరువు కాటా ఇద్దరినీ ఒకటే అంది. అందుకే మనవాళ్లకు హద్దులు తక్కువగా పెట్టారు. ఆడవాళ్ల నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్లది 90 దాటకూడదు. బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మీ బీఎంఐ 26.7, నడుము 91 సెంటీమీటర్లు. అయితే ఒక్క సంగతి. మీరు లంగా బొందు కట్టే చోట కొలిచి ఉంటారు. డాక్టర్లు కొలిచేది చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక. అలా మళ్లీ కొలిచి రాసిపెట్టుకోండి.

చెరువును పెద్దది చేసే రిసెప్టర్ కూడా ఒకటి ఉంది. దాని పేరు పీపార్ గామా. ఇది కణం గోడ మీద ఉండదు, లోపల కేంద్రకంలో ఉండి జన్యువులను నడిపిస్తుంది. కొత్త కొవ్వు కణాలు తయారవ్వాలంటే ఇది పని చేయాలి. షుగర్‌కు ఇచ్చే పయోగ్లిటజోన్ మాత్ర ఈ రిసెప్టర్‌నే లేపుతుంది. అది వేసుకుంటే బరువు రెండు మూడు కిలోలు పెరగొచ్చు, అయినా లివర్‌లో కొవ్వు తగ్గి, షుగర్ దారికొస్తుంది. కలుజు నీళ్లు వెనక్కి వచ్చి చెరువులో చేరాయన్నమాట. 'కొవ్వు రిసెప్టర్లను లేపితే సన్నబడతారు' అనే మాట ఎంత పొరపాటో దీన్నిబట్టి చూడండి. నిజంగా లేపితే లావవుతారు, అయినా లోపల బాగుపడతారు. ఈ మందును మీరడగొద్దు. ఒంట్లో నీరు చేరడం, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇబ్బంది, ఆడవాళ్లకు ఎముకలు విరిగే ముప్పు దీనితో ఉన్నాయి. మూత్రాశయ కేన్సర్ భయంతో 2013లో మన దేశంలో కొన్ని వారాలు నిలిపేసి, హెచ్చరికలతో మళ్లీ అనుమతించారు. ఎవరికి ఇవ్వాలో డాక్టర్ చూసి చెప్పాల్సిన మందు.

మరి మీ ఇన్సులిన్ రిసెప్టర్లు నిద్రపోతున్నాయా? పూర్తిగా కాదు. లివర్‌లో, కండరంలో కొవ్వు చేరితే, రిసెప్టర్ కబురు అందుకున్నా లోపలికి ఆ మాట సరిగా చేరదు. లస్కరు విన్నాడు, తూము గొలుసు తుప్పుపట్టింది. దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు. క్లోమం ఇంకా గట్టిగా అరుస్తుంది, ఇన్సులిన్ పెరుగుతుంది. ఇందులో నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం, లివర్ ఆ కబురులో సగమే వినకుండా పోవడం. 'చక్కెర తయారీ ఆపు' అన్న సగం వినదు. 'కొవ్వు తయారు చెయ్యి' అన్న సగం మాత్రం వింటూనే ఉంటుంది. అందుకే షుగర్, ట్రైగ్లిజరైడ్లు రెండూ కలిసి పెరుగుతాయి. మీ రిపోర్టులో 6.1, 210 పక్కపక్కన ఉండడానికి కారణం ఇదే. 6.1 అంటే షుగర్ ఇంకా రాలేదు, 5.7 నుంచి 6.4 మధ్య ఉంది, వెనక్కి తిరిగే అవకాశం ఉన్న దశ.

ఆకలి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ మీద పడ్డ నింద అదే. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది. కొవ్వు కణాలే దాన్ని తయారు చేసి, 'నిల్వ చాలు' అని మెదడుకు కబురు పంపుతాయి. లావుగా ఉన్నవాళ్లకు లెప్టిన్ తక్కువేమో, ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుందని లోకమంతా ఆశపడింది. పుట్టుకతోనే లెప్టిన్ తయారవని కొద్దిమంది పిల్లలకు ఆ ఇంజెక్షన్ అద్భుతంగా పనిచేసింది కూడా. మిగతావాళ్లలో చూస్తే లెప్టిన్ తక్కువ లేదు సరికదా, ఎక్కువే ఉంది. మెదడులోని రిసెప్టర్ వైపు ఆ కబురు సరిగా పనిచేయడం లేదు. బరువు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, మెదడు దాన్ని కరువుగా తీసుకుని ఆకలి పెంచుతుంది. డైటింగ్ చేసి ఓడిపోయినవాళ్లను ఏదైనా అనేముందు ఇది తెలుసుకుంటే బాగుంటుంది.

ఇక ఆ పొడి. లోపల ఏముందో డబ్బా మీద చదవండి. సోయా ప్రొటీన్, పంచదార, పీచు మాత్రమే ఉంటే అది ఖరీదైన టిఫిన్. ఒక పూట తిండి మానేసి అది తాగినందుకు బరువు కొంత తగ్గొచ్చు, రిసెప్టర్లతో పనేమీ లేదు. యోహింబిన్, సినెఫ్రిన్, ఎక్కువ మోతాదు కెఫీన్ లాంటి పేర్లుంటే ముట్టుకోకండి. యోహింబిన్ నిజంగానే ఆల్ఫా-2 రిసెప్టర్‌ను మూస్తుంది. కానీ ఆ రిసెప్టర్ కొవ్వు కణాల మీదే కాదు, మెదడులో, రక్తనాళాల్లో కూడా ఉంటుంది. బీపీ పెరుగుతుంది, గుండె దడ, ఆందోళన వస్తాయి. కొన్ని జిమ్ములలో క్లెన్‌బ్యూటెరాల్ అనే మందును కొవ్వు కరిగిస్తుందని ఇస్తుంటారు. అది బీటా-2 అనే రకం రిసెప్టర్‌ను లేపుతుంది, గుండె లయను దెబ్బతీస్తుంది. మీ అమ్మాయి స్నేహితులు ఎవరైనా వాడుతుంటే చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యం, తూము ఎత్తినంత మాత్రాన నీళ్లు ఖర్చయినట్టు కాదు. కింద ఆయకట్టు ఉండాలి, పంట తాగాలి. కొవ్వు కణం నుంచి బయటికొచ్చిన ఫ్యాటీ ఆమ్లాన్ని కాల్చే కండరం పనిచేయకపోతే, అది లివర్ చుట్టూ తిరిగి మళ్లీ చెరువుకే వస్తుంది. చెమటలో కరిగి పోతుందన్నది కూడా నిజం కాదు. 2014లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా కాలితే 8.4 కిలోలు కార్బన్ డై ఆక్సైడ్‌గా ఊపిరిలో, 1.6 కిలోలు నీరుగా పోతుంది. కొవ్వు కణాల సంఖ్య కూడా తగ్గదు. స్వీడన్‌లో 2008లో చేసిన పరిశోధనలో పెద్దవాళ్లలో ఏటా దాదాపు పదోవంతు కొవ్వు కణాలు చచ్చి, అన్నే కొత్తవి పుడుతున్నాయని, మొత్తం సంఖ్య మారదని తేలింది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కలిసిన కార్బన్‌ను ఆధారంగా పెట్టుకుని ఆ కణాల వయసు కనుక్కున్నారు. బరువు తగ్గితే చెరువులు ఎండుతాయి, పూడిపోవు.

మీ అమ్మాయి చెప్పిన ఇంజెక్షన్లు సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అయి ఉంటాయి. ఇవి నిజంగా రిసెప్టర్ల మందులే. జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్ రిసెప్టర్‌ను మొదటిది, దానితోపాటు జీఐపీ అనే ఇంకో పేగు హార్మోన్ రిసెప్టర్‌ను రెండోది లేపుతాయి. ప్రధానంగా మెదడులో ఆకలి తగ్గించి, కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. బాగా పనిచేస్తాయి, అందులో సందేహం లేదు. ఆపేస్తే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి రావడం కూడా పరిశోధనల్లో కనిపించింది. కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. వాంతులు, విరేచనాలు, పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు వస్తాయి. కుటుంబంలో మెడల్లరీ థైరాయిడ్ కేన్సర్ ఉన్నవాళ్లు వాడకూడదు. మీ రిపోర్టులు చూస్తే నేనైతే ముందు ఆరు నెలలు నడక, తిండి దారిలో వెళ్లమంటాను. తర్వాత కూడా హెచ్‌బీఏ1సీ పెరుగుతుంటే డాక్టర్‌తో మాట్లాడండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవద్దు.

ఆయకట్టు మాట అన్నాను కాబట్టి మీ మోటారు దగ్గరికి వస్తాను. కాలితో తొక్కినన్నాళ్లూ మీ పిక్కలు, తొడలు రోజంతా కదిలేవి. మోటారు వచ్చాక ఆ కదలిక పోయింది. మోటారు తీసేయమని చెప్పను, మోకాళ్లు, సంపాదన రెండూ చూసుకోవాలి. కటింగ్ మాత్రం నిలబడి చేయండి. గంటకోసారి లేచి, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. ప్రతి భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాలు నడవండి. కండరం కదిలినప్పుడు ఇన్సులిన్ రిసెప్టర్ సాయం లేకుండానే రక్తంలోంచి చక్కెరను లోపలికి లాక్కోగలదు. తుప్పుపట్టిన గొలుసుతో పనిలేని పక్క తూము అది. దీన్ని మించిన రిసెప్టర్ మందు ఏ డబ్బాలోనూ లేదు. వారానికి 150 నిమిషాల నడక అయితే మంచిదే, కానీ భోజనం తర్వాతి నడకను మాత్రం వదలొద్దు.

తిండిలో నేను మూడే మార్పులు చెప్తాను. టీలు రెండుకు తగ్గించి, పంచదార ఒక చెంచా, తర్వాత అర చెంచా చేయండి. పంచదారలో సగం ఫ్రక్టోజ్ అనే చక్కెర, దాన్ని ఎక్కువగా లివరే చూసుకోవాలి, మిగిలింది అక్కడే కొవ్వవుతుంది. రెండోది, అన్నం. మన జిల్లాలో అన్నం మానమని చెప్పడం అన్యాయం, ఎవరూ మానరు కూడా. చేపల పులుసు చేసిన రోజు రెండు ముక్కలు ఎక్కువ వేసుకుని గరిటెడు అన్నం తక్కువ పెట్టుకోండి. మామూలు రోజుల్లో పప్పు, కూర ముందు తిని అన్నం తర్వాత కలుపుకోండి. సంగటి చేసుకున్నా కొలత ఇదే, రాగి కదా అని రెండు ముద్దలు ఎక్కువ తినకూడదు. మూడోది, రాత్రి భోజనం ఎనిమిదింటి లోపు ముగించి, మళ్లీ పొద్దున దాకా నీళ్లు తప్ప ఏమీ తీసుకోవద్దు. తూము తెరుచుకోవడానికి ఆ గంటలు కావాలి.

కాటా గురించి బెంగ పెట్టుకోకండి. మూడు కిలోలు తగ్గితే, అంటే మీ బరువులో దాదాపు 5 శాతం, లివర్ కొవ్వులో తేడా కనిపిస్తుంది. అది కూడా తగ్గలేదనుకోండి, అప్పుడు కూడా పని జరుగుతూనే ఉంటుంది. 2006లో మన పక్కనే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మీలాంటి దశలో ఉన్న 531 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది, బరువు పెద్దగా తగ్గకుండానే. కలుజు ఆగితే చాలు, చెరువు మట్టం అంత ముఖ్యం కాదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు థైరాయిడ్ పరీక్ష చేయించమని అడగండి. ప్లేట్‌లెట్లు, లివర్ ఎంజైమ్‌ల రిపోర్టు ఉంటే మీ వయసుతో కలిపి ఫిబ్-4 అనే లెక్క కట్టి లివర్ గట్టిపడుతోందా అన్నది చెప్పగలరు, అవసరమైతే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ రాస్తారు. అక్కకు కూడా ఏడాదికోసారి షుగర్ పరీక్ష చేయించండి. ఆమె తొడల కొవ్వు మంచిదే అయినా, నెలసరి ఆగాక ఆమె చెరువు కూడా నిండొచ్చు.

వదినతో మాట తేడా రాకుండా ఎలా అని మీరు అడగలేదు గానీ, డబ్బా ఇంకా తెరవలేదంటే అదే ఆలోచిస్తున్నారని నాకనిపించింది. లివర్‌కు కొవ్వు పట్టింది కాబట్టి డాక్టర్ ఏ పొడీ వద్దన్నాడని నా పేరు చెప్పి ఇచ్చేయండి. ఆమెను కూడా రాత్రి భోజనం తర్వాత మీతో నడకకు రమ్మనండి. మీ టేపుతో ఆమె నడుము కూడా ఒకసారి కొలవండి.